ప్రియస్ హైబ్రిడ్ బ్యాటరీని ఇంట్లోనే పరీక్షించి బాగుచేసుకోవడం ఎలా?

అమెరికాలో పాత టొయోటా ప్రియస్ కొనుక్కుని నడుపుతున్న మనవాళ్ల దగ్గర్నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది: "డాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం వెలిగింది. చూపిస్తే హైబ్రిడ్ బ్యాటరీ మొత్తం మార్చాలన్నారు. ఆ ఖర్చు పెట్టే బదులు కారే వదిలించుకోవచ్చేమో అనిపిస్తోంది. ఇంట్లో ఏమైనా చేసుకోగలమా?"

చేసుకోగలరు. అయితే ఈ పనిలో ముప్పావు వంతు కొలతలే, స్పానర్ పట్టేది పావు వంతే. ఏది పాడైందో కొలిచి తెలుసుకోకుండా బ్యాటరీ విప్పితే డబ్బూ పోతుంది, ప్రమాదమూ ఎక్కువ. ఎర్ర త్రికోణం వెలిగిన ప్రతిసారీ బ్యాటరీ పోయినట్టు కాదు. ఒక్కోసారి చిన్న 12 వోల్టుల బ్యాటరీ మార్చితేనో, ఫ్యాన్ శుభ్రం చేస్తేనో, బ్యాటరీ లోపల చిలుము పట్టిన రాగి పట్టీలు కడిగితేనో సమస్య తీరిపోతుంది.

ఏ కార్లకు పనికొస్తుంది

ఇది 2004-2009 మధ్య వచ్చిన రెండో తరం, 2010-2015 మధ్య వచ్చిన మూడో తరం ప్రియస్‌ల కోసం రాసింది. రెండింటిలోనూ ఉండేది నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ. అందులో 28 మాడ్యూళ్లు (విడివిడి బ్యాటరీ ముక్కలు) రాగి పట్టీలతో వరసగా కలిపి ఉంటాయి. ఒక్కో మాడ్యూల్‌లో 1.2 వోల్టుల సెల్స్ ఆరు, అంటే మాడ్యూల్‌కు 7.2 వోల్టులు, మొత్తం 201.6 వోల్టులు. కొత్తగా ఉన్నప్పుడు సామర్థ్యం 6.5 ఆంపియర్-అవర్లు.

మన దేశంలో 2013లో వచ్చిన టొయోటా క్యామ్రీ హైబ్రిడ్‌లోనూ ఇదే రకం మాడ్యూళ్లు, కాకపోతే 34 ఉంటాయి, మొత్తం 244.8 వోల్టులు. పద్ధతి అదే, విప్పే వరస మాత్రం వేరు. టొయోటా హైరైడర్ లాంటి కార్లలో ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. దాన్ని ఇంట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు.

మన దేశంలో టొయోటా హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. అమెరికాలో 2020 మోడళ్ల నుంచి 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్లు. మీ కారు ఆ గడువులో ఉంటే మూత కూడా తీయకుండా షోరూమ్‌కు వెళ్లండి.

ఎవరు చేయకూడదు

200 వోల్టుల డీసీ కరెంటు ప్రాణం తీస్తుంది. ఇంటి ప్లగ్గులో షాక్ తగిలి బతికిపోయాం కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు. మల్టీమీటర్ మీద డీసీ వోల్టులు చదవడం రానివాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, పక్కన ఇంకో మనిషి లేనివాళ్లు నాలుగో మెట్టు పూర్తిచేసి అక్కడే ఆగిపోండి. అక్కడిదాకా హై వోల్టేజి భాగాలు ముట్టుకునే పని లేదు, రెండో మెట్టులో చెప్పిన పీ0ఏఏ6 కోడ్ రాకపోతే ఎవరైనా చేయొచ్చు.

కావలసినవి

పరీక్షకు: ఓబీడీ-2 బ్లూటూత్ అడాప్టర్ (కారు కంప్యూటర్ రాసుకున్న తప్పుల కోడ్లను ఫోన్‌కు పంపే చిన్న పరికరం), ఫోన్‌లో హైబ్రిడ్ బ్యాటరీ బ్లాకుల (రెండేసి మాడ్యూళ్ల జతల) వోల్టేజి చూపించే యాప్ (డాక్టర్ ప్రియస్ చాలామంది వాడతారు), మల్టీమీటర్.

విప్పడానికి: 1000 వోల్టులకు రేటింగ్ ఉన్న క్లాస్ 0 రబ్బరు గ్లోవ్స్, వాటి మీద వేసుకునే తోలు గ్లోవ్స్, కళ్లద్దాలు, ఇన్సులేటెడ్ సాకెట్ సెట్ (8, 10, 12 మిల్లీమీటర్లు), నట్టు బిగింపు ఎంతో ఇంచ్-పౌండ్లలో కొలిచే టార్క్ రెంచ్, ఎలక్ట్రికల్ టేపు, మార్కర్, వెనిగర్, 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు.

గ్లోవ్స్ దగ్గర మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దు. వంటింట్లో వాడేవి, ప్లంబింగ్‌కు వాడేవి పనికిరావు. తొడుక్కునే ముందు మణికట్టు వైపు నుంచి చుట్టుకుంటూ వచ్చి లోపల గాలి బంధించండి. ఎక్కడైనా బుస్సుమంటే ఆ జత పారేయాల్సిందే.

1. ముందు చిన్న బ్యాటరీ చూడండి

డిక్కీలో కుడి వైపున మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. రాత్రంతా కారు ఆపి ఉంచి, పొద్దున్నే కొలవండి. 12.4 వోల్టుల పైన ఉంటే ఫర్వాలేదు. 12 కంటే తక్కువ ఉంటే అది బలహీనపడినట్టే. కారును రెడీ స్థితిలో (బ్రేకు తొక్కి పవర్ బటన్ నొక్కితే READY అని వెలిగే స్థితి) పెట్టి మళ్లీ కొలిస్తే దాదాపు 14 వోల్టులు కనిపించాలి.

ఈ చిన్న బ్యాటరీ చచ్చుబడితే కంప్యూటర్లన్నీ తికమకపడి సంబంధం లేని లైట్లు వెలిగిస్తాయి. దీన్ని చూడకుండానే పెద్ద బ్యాటరీకి ఆర్డర్ ఇచ్చేసినవాళ్లు ఎందరో.

2. కోడ్లు చదివి రాసుకోండి

అడాప్టర్ పెట్టి కోడ్లు చదవండి. చెరిపేయకముందే అన్నీ కాగితం మీద రాసుకోండి. ముఖ్యమైనవి ఇవి:

పీ0ఏ80: హైబ్రిడ్ బ్యాటరీ మార్చమని చెప్పే కోడ్. బ్లాకుల మధ్య తేడా హద్దు దాటిందని దీనర్థం. 28 మాడ్యూళ్లూ పోయాయని కాదు.

పీ3011 నుంచి పీ3024 దాకా: 14 బ్లాకుల్లో ఏది బలహీనంగా ఉందో చెప్పేవి. పీ3011 అంటే మొదటి బ్లాకు, పీ3024 అంటే పద్నాలుగోది. ఒక్కో బ్లాకులో రెండు మాడ్యూళ్లు.

పీ0ఏ93: ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును కారు మోటారుకు తగ్గట్టు మార్చే భాగం) కూలింగ్ సమస్య. రెండో తరం ప్రియస్‌లో తరచూ దీనికి కారణం ఇన్వర్టర్ కూలెంట్ పంపు. బ్యాటరీకి సంబంధమే లేదు.

పీ0ఏఏ6: హై వోల్టేజి ఎక్కడో కారు బాడీకి లీకవుతోందని అర్థం. ఇది కనిపిస్తే ఇంట్లో పని ఇక్కడితో ఆపేయండి. ముట్టుకోకూడని చోట కరెంటు ఉండొచ్చు. శిక్షణ ఉన్నవాళ్లకే అప్పగించండి.

3. బ్లాకుల వోల్టేజి తేడా చూడండి

ఈ వ్యాసంలో అన్నిటికంటే విలువైన మెట్టు ఇది. తొందరపడకండి.

యాప్‌లో 14 బ్లాకుల వోల్టేజి ఒకేసారి కనిపించే తెర తెరవండి. కారు పార్క్‌లో, రెడీలో ఉండాలి. ఏసీ పూర్తిగా పెట్టి వదిలేయండి. బ్యాటరీ మెల్లగా దిగుతుంది, కొంతసేపటికి ఇంజిన్ తనంతట తానే స్టార్టయి చార్జ్ చేస్తుంది. ఈ రెండు దశల్లోనూ అన్నిటికంటే ఎక్కువున్న బ్లాకుకు, తక్కువున్న బ్లాకుకు మధ్య తేడా రాసుకోండి. గేరు న్యూట్రల్‌లో మాత్రం ఉంచొద్దు, న్యూట్రల్‌లో ఈ కారు చార్జ్ కాదు.

తర్వాత ఖాళీ రోడ్డు మీద నడపండి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, బ్రేకు వేసినప్పుడు అంకెలు ఎలా మారుతున్నాయో పక్కన కూర్చున్నవాళ్లు చూడాలి. డ్రైవర్ ఫోన్ చూడకూడదు.

ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీలో తేడా 0.3 వోల్టుల లోపే ఉంటుంది. గట్టిగా తొక్కినప్పుడు కాస్త పెరిగి, వెంటనే తగ్గుతుంది. ఒకే బ్లాకు మిగతావాటి కంటే ఎప్పుడూ 1.2 వోల్టులకు అటూఇటూగా తక్కువ చూపిస్తే, అందులో ఒక సెల్ చచ్చిపోయినట్టే. ఒక సెల్ వోల్టేజి సరిగ్గా అంతే కదా! ఇది బాగుచేసుకోదగ్గ జబ్బు.

అలా కాక నాలుగైదు బ్లాకులు లోడు పడగానే కిందికి, చార్జ్ అవగానే పైకి ఎగిరిపడుతుంటే బ్యాటరీ మొత్తం ముసలిదైనట్టు. అప్పుడు ఒకటి రెండు మాడ్యూళ్లు మార్చడం దండగ. ఈ నెల ఒకటి మారుస్తారు, రెండు నెలలకు ఇంకోటి పోతుంది. ఆ డబ్బు, ఆ శ్రమ కొత్త ప్యాక్ మీద పెట్టడం మేలు.

ఇంకో లక్షణం చూడండి. ఒక బ్లాకు అంకె క్షణానికోలా పిచ్చిగా మారుతూ, సున్నాకు పడి మళ్లీ మామూలవుతుంటే అది మాడ్యూల్ తప్పు కాకపోవచ్చు. వోల్టేజి చదివే సన్నటి వైరుకో, రాగి పట్టీకో చిలుము పట్టి ఉంటుంది.

4. ఫ్యాన్ శుభ్రం చేయండి

వెనక సీటుకు కుడి పక్కన ఒక గ్రిల్ కనిపిస్తుంది. బ్యాటరీని చల్లబరిచే గాలి అందులోంచే వెళ్తుంది. దాని మీద బ్యాగులు, దుప్పట్లు, పిల్లల జాకెట్లు పడేస్తాం. ఇంట్లో కుక్క ఉంటే జుట్టంతా లోపల చేరుతుంది. గాలి ఆడకపోతే మధ్యలో ఉన్న మాడ్యూళ్లు ముందు వేడెక్కి, ముందు పోతాయి. టెక్సస్, అరిజోనా ఎండల్లో ఈ బ్యాటరీలు త్వరగా పోవడానికి వేడే ముఖ్య కారణం.

గ్రిల్, పక్క ప్యానెల్ తీసి ఫ్యాన్ బయటికి తీయండి. రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును పాత టూత్ బ్రష్‌తో తీయండి. నీళ్లలో ముంచొద్దు. బయటికి తీయకుండానే కంప్రెసర్ గాలి కొడితే దుమ్మంతా బ్యాటరీలోకి వెళ్తుంది, ఆ పనీ చేయొద్దు.

ఇప్పుడు కోడ్లు చెరిపి కొన్నాళ్లు నడిపి, మళ్లీ మూడో మెట్టు చేయండి. తేడా మామూలైతే మీ పని అయిపోయినట్టే.

బ్లాకుల తేడా ఓ మోస్తరుగా ఉండి, చచ్చిన సెల్ లేదనిపిస్తే ఇంకో దారి ఉంది. గ్రిడ్ చార్జర్ అనే పరికరం అతి తక్కువ కరెంటుతో గంటల తరబడి చార్జ్ చేసి, వెనకబడ్డ మాడ్యూళ్లను మిగతావాటితో సమం చేస్తుంది. అది నడిచినంతసేపూ బ్యాటరీ ఫ్యాన్ తిరుగుతూనే ఉండాలి. చచ్చిన సెల్‌ను మాత్రం ఏ చార్జరూ బతికించలేదు.

5. కరెంటు తీసేయడం

ఉంగరాలు, గాజులు, గొలుసులు, వాచీ, మొలతాడు సహా లోహం ఏదున్నా తీసేయండి. డిక్కీ తలుపు తెరిచే ఉంచండి. అది కరెంటుతో తెరుచుకునే తలుపు. 12 వోల్టులు తీసేశాక మూసుకుపోతే బయటినుంచి రాదు.

కారు ఆఫ్ చేసి తాళం దూరంగా పెట్టండి. చిన్న బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. గ్లోవ్స్ వేసుకుని, బ్యాటరీ దగ్గరున్న నారింజ రంగు సర్వీస్ ప్లగ్ లాగేయండి. దాన్ని మీ జేబులోనే పెట్టుకోండి, వేరేవాళ్లు తెలియక మళ్లీ పెట్టేయకుండా. ఆపైన పూర్తిగా 10 నిమిషాలు ఆగండి. ఇన్వర్టర్‌లోని కెపాసిటర్లు ఖాళీ కావడానికి ఆ సమయం కావాలి.

తర్వాత, నారింజ రంగు పెద్ద కేబుళ్లు బ్యాటరీకి కలిసే చోట మల్టీమీటర్‌తో సున్నా చూపిస్తోందో లేదో చూడండి. మీటర్ మీద నమ్మకం కోసం ముందు చిన్న బ్యాటరీ కొలిచి, ఆపై ఇది కొలిచి, మళ్లీ చిన్న బ్యాటరీ కొలవండి.

చాలామంది పొరబడేది ఇక్కడే. సర్వీస్ ప్లగ్ తీస్తే బ్యాటరీలో కరెంటు పోదు. వరసను మధ్యలో తెంపి రెండు ముక్కలు చేస్తుంది, అంతే. ఒక్కో ముక్కలో ప్రాణాంతకమైన వోల్టేజి అలాగే ఉంటుంది. పట్టీలన్నీ విప్పేదాకా గ్లోవ్స్ తీయొద్దు. వీలైనంతవరకు ఒక్క చేత్తోనే పని చేయండి.

6. బయటికి తీసి విప్పడం

అడుగడుగునా ఫొటోలు తీసుకోండి. కేబుళ్లు, కనెక్టర్లు, గాలి గొట్టాలు తీశాక ఇద్దరు కలిసి ప్యాక్ ఎత్తాలి. బరువు దాదాపు 40 కిలోలు, పట్టు సరిగా దొరకదు.

చెక్క బల్ల మీద పెట్టి మూత తీయండి. మాడ్యూళ్ల మీద 1 నుంచి 28 దాకా మార్కర్‌తో అంకెలు వేయండి. సాకెట్ రెంచ్‌కు, నట్టు తిప్పే కొస తప్ప, టేపు చుట్టండి. రెంచ్ జారి రెండు టెర్మినళ్ల మీద పడితే నిప్పురవ్వలు కాదు, కరిగిన లోహమే ఎగురుతుంది.

రాగి పట్టీల నట్లు మధ్యలోంచి మొదలుపెట్టి విప్పండి. వరస చిన్న చిన్న ముక్కలవుతూ, మీ చేతి కింద వోల్టేజి తగ్గుతూ వస్తుంది.

ఎక్కడైనా తెల్లటి పొడి, తడి కనిపిస్తే అది మాడ్యూల్‌లోంచి కారిన పొటాషియం హైడ్రాక్సైడ్. చర్మాన్ని కాల్చే క్షారం. వెనిగర్ పోసి తుడవండి. చర్మం మీద, కంట్లో పడితే మాత్రం వెనిగర్ కాదు, 20 నిమిషాలు ఆగకుండా నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

7. ఒక్కో మాడ్యూల్ పరీక్ష

ముందు అన్నిటి వోల్టేజి కొలిచి పట్టిక రాయండి. మంచివి 7.5 నుంచి 8 వోల్టుల మధ్య, ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఏదైనా 6.5 దగ్గర కనిపిస్తే చచ్చిన సెల్ ఉన్నది అందులోనే.

అంతటితో ఆగొద్దు. ఖాళీగా కూర్చున్నప్పుడు బాగున్న మాడ్యూల్ బరువు పడితే కూలబడొచ్చు. హెడ్‌లైట్ బల్బును ఒక్కో మాడ్యూల్‌కు సరిగ్గా 2 నిమిషాలు కలిపి, చివర్లో వోల్టేజి రాయండి. పడిపోవడం ఎంతన్నది విడిగా కాక, 28లో ఏది మిగతావాటి కంటే ఎక్కువ పడిందన్నది చూడండి. బల్బు బాగా వేడెక్కుతుంది, పటకారతో పట్టుకోండి.

వారం రోజులు కారు లేకుండా గడుస్తుందంటే ఇంకా మంచి పరీక్ష చేయొచ్చు. నికెల్ మెటల్ హైడ్రైడ్ ఆరు సెల్స్ అని సెట్ చేసుకోగల హాబీ చార్జర్‌తో (రిమోట్ బొమ్మ కార్ల బ్యాటరీలకు వాడేది) ఒక్కో మాడ్యూల్‌ను నిండుగా చార్జ్ చేసి, 6 వోల్టుల దాకా దించి, ఎన్ని మిల్లీఆంపియర్-అవర్లు ఇచ్చిందో చూడండి. మూడుసార్లు చేస్తే అలసిన మాడ్యూళ్లు కొంత కోలుకుంటాయి కూడా. ఇక్కడ ఒక్కటి మరవొద్దు: చార్జ్ అవుతున్నప్పుడు మాడ్యూళ్లు రెండు పక్కలా గట్టిగా నొక్కి బిగించి ఉండాలి. విడిగా పెడితే ఉబ్బిపోతాయి, ఉబ్బినవి మళ్లీ పెట్టెలో పట్టవు. చేత్తో తాకలేనంత వేడెక్కితే వెంటనే ఆపేయండి.

8. మారుస్తున్న మాడ్యూల్ జత కుదరాలి

పాత ప్యాక్‌లో సరికొత్త మాడ్యూల్ ఒకటి పెడితే మంచిదే కదా అనుకుంటారు. కాదు. కొత్తది ఒకలా, పాతవి ఇంకొకలా చార్జ్ అవుతాయి, బ్లాకుల తేడా మళ్లీ మొదలవుతుంది. మీ మిగతా మాడ్యూళ్లకు దగ్గరి సామర్థ్యం ఉన్న వాడిన మాడ్యూలే సరైనది. అమ్మేవాళ్లను కెపాసిటీ కొలత అడగండి. వోల్టేజి మాత్రమే చెప్పేవాళ్ల దగ్గర కొనొద్దు. ఒకటి రెండు ఎక్కువ కొంటే వాటిలో కుదిరింది ఎంచుకోవచ్చు.

బిగించే ముందు అన్నిటినీ సమం చేయాలి. అన్నీ ఒకే స్థాయికి చార్జ్ అయ్యాక ప్లస్‌లన్నీ ఒకవైపు, మైనస్‌లన్నీ ఒకవైపు కలిపి ఒక రోజు వదిలేయండి. చచ్చిన సెల్ ఉన్నదాన్ని పొరపాటున కూడా ఇందులో కలపొద్దు, మిగతా 27 కలిసి దానిలోకి కరెంటు తోస్తాయి.

9. పట్టీలు కడగడం

రాగి పట్టీల మీద పచ్చటి చిలుము ఉంటే, కాస్త ఉప్పు కలిపిన వెనిగర్‌లో నానబెట్టి, నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. గరుకు కాగితంతో (శాండ్‌పేపర్) గీకితే పై పూత పోయి చిలుము ఇంకా త్వరగా వస్తుంది. బాగా తినేసినవి ఉంటే నికెల్ పూత ఉన్న కొత్త పట్టీల సెట్ కొనండి. నా మాట వింటే, ప్యాక్ ఎలాగూ విప్పారు కాబట్టి సెట్ మొత్తం మార్చేయడమే మంచిది.

10. మళ్లీ బిగించడం

బలమైన మాడ్యూళ్లు మధ్యలో, కాస్త తక్కువవి చివర్లలో పెట్టండి. వేడి ఎక్కువగా పడేది మధ్యవాటి మీదే.

పక్కపక్క మాడ్యూళ్లు ఒకదానికొకటి తిరగేసి ఉండాలి: ఒకదాని ప్లస్ పక్కన ఇంకోదాని మైనస్. ఒక్కటి తిరగబడినా షార్ట్ అవుతుంది. పట్టీలు వేయకముందే మీటర్‌తో ఒక వైపు మొత్తం వరస చూసుకోండి.

నట్లను 5.4 న్యూటన్ మీటర్లకు, అంటే 48 ఇంచ్-పౌండ్లకు బిగించండి. ఫుట్-పౌండ్ల రెంచ్‌తో అంచనా మీద బిగిస్తే మాడ్యూల్ టెర్మినల్ తిరిగిపోతుంది, బాగున్న మాడ్యూల్ చెత్తబుట్టలోకి వెళ్తుంది. వదులుగా ఉంటే అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. ఉష్ణోగ్రత సెన్సర్లు, మాడ్యూళ్ల మీది సన్నటి గ్యాస్ గొట్టం, వోల్టేజి వైర్లు మరవొద్దు.

ప్యాక్ కారులో పెట్టి కేబుళ్లన్నీ కలిపాక, చివర్లో గ్లోవ్స్‌తోనే సర్వీస్ ప్లగ్ పెట్టండి. దాని పిడి చివరి స్థానానికి జరిగి లాక్ పడాలి. లోపలికి వెళ్లింది కదా అని వదిలేస్తే కారు రెడీ కాదు, పీ0ఏ0డీ అనే కోడ్ వస్తుంది. పని మొత్తం తప్పయిందేమోనని టెన్షన్ పడి మళ్లీ విప్పేవాళ్లున్నారు. ముందు ఆ పిడి చూడండి. ఆపైన చిన్న బ్యాటరీ నెగటివ్ కలపండి.

11. బాగైందో లేదో తేల్చుకోవడం

కోడ్లు చెరిపి కారు రెడీలో పెట్టండి. వెంటనే హైవే ఎక్కొద్దు. పార్క్‌లోనే ఏసీ పెట్టి, మూడో మెట్టులో చేసినట్టే ఒకసారి దిగనిచ్చి, ఒకసారి చార్జ్ కానిచ్చి 14 బ్లాకులూ చూడండి. తేడా 0.3 లోపు ఉంటే ఇంటి చుట్టుపక్కల నడపండి, తర్వాతే దూరం వెళ్లండి.

బ్లాకుల తేడాతో పాటు కారు తెర మీది బ్యాటరీ బొమ్మనూ గమనించండి. రెండు నిమిషాల్లో నిండిపోయి, అంతలోనే ఒకటి రెండు గీతలకు పడిపోతుంటే సామర్థ్యం ఇంకా తక్కువే ఉన్నట్టు. ఎండలో ఫ్యాన్ అస్తమానం గట్టిగా తిరుగుతున్నా అంతే.

మొదటి వారం రోజూ, తర్వాత నెలకోసారి ఇదే కొలత తీసి అదే పట్టికలో రాసుకోండి. మార్చిన మాడ్యూల్ ఉన్న బ్లాకే వెనకబడుతుంటే జత కుదరలేదని అర్థం, అదొక్కటి మార్చండి. వేరే బ్లాకులు ఒక్కొక్కటే జారుతుంటే మళ్లీ విప్పడం ఆపేసి, వారంటీ ఉన్న కొత్త ప్యాక్‌కు డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టండి. తక్కువ ధరకు దొరికే రీకండిషన్డ్ ప్యాక్‌లలో చాలావరకు మీరు ఇప్పుడు చేసిన పనే ఇంకొకరు చేసి అమ్ముతారు. కొనే ముందు ఒక్కో మాడ్యూల్ కొలతల పట్టిక చూపించమని అడగండి. తీసేసిన మాడ్యూళ్లను చెత్తలో వేయకుండా టెర్మినళ్లకు టేపు వేసి డీలర్‌కో, బ్యాటరీ రీసైక్లింగ్ కేంద్రానికో ఇచ్చేయండి.